శ్రుతి దించిన పాట

"కాలబెట్టు! పొయ్యిల పడేసి కాలబెట్టు దాన్ని!"

మంగ్లి కొడుకు చేతిలోని క్యాసెట్టు కోసం చెయ్యి చాపింది. తుల్సీరాం ఆ చేతిని తప్పించుకుని గోడకు జరిగాడు. వంటింటి గడప మీద కూర్చున్న కోడలు పూలి ఇద్దరినీ చూస్తోంది. పొయ్యి మీద అన్నం ఇగిరిపోయి మాడు వాసన వస్తోంది. లేచి దించాలని ఆమెకు తెలుసు. కళ్లు క్యాసెట్టు మీదే ఉన్నాయి.

"కాలబెడితే ఏమైతది యాడీ? గదే పాట తెస్తనని లాల్‌సింగ్ ముంగట ఒప్పుకున్న. ఇప్పుడు లేదంటే, ఎందుకు లేదు, ఎక్కడ పోయిందంటరు."

"తెగిందను. ఎలుక కొట్టిందను."

"మొన్న క్లబ్బుల మోగిన పాట ఇంతల్నే తెగిందా? సారు ఏమన్న పాలు తాగే పిల్లగాడా, అమ్మ చెప్పంగనే నమ్ముతందుకు?"

కానిస్టేబుల్ లాల్‌సింగ్ వచ్చి పోయినప్పటి నుంచీ ఇదే రభస. అతను కోపంగా ఏమీ రాలేదు. తమ కులంవాడే, మంగ్లిని తానూ యాడీ, అమ్మా అనే పిలుస్తాడు. అరుగు మీద కూర్చుని, నీళ్లడిగి తాగి, నవ్వుతూనే చెప్పి పోయాడు. ఆదివారం కాలనీ క్లబ్బులో ఇన్‌స్పెక్టరు గారి కూతురి పుట్టినరోజు. డీజే తుల్సీరామే రావాలట. మొన్న ఇంగ్లీషు మ్యూజిక్కులో కలిపి వేసిన లంబాడీ పాట మళ్లీ వెయ్యాలట.

"జంపయ్యను గూడ తీస్కొస్తం. ఆనికి గా పాట ఒకపారి వినిపియ్యాలన్నడు సారు," అంటూ చెంబు కింద పెట్టి లేచాడు.

జంపయ్య ఎవరో మణుగూరులో తెలియని వాళ్లు లేరు. అడవిలో అన్నల వెంట కొన్నేళ్లు తిరిగి, పోయిన నెల తుపాకీ అప్పగించి లొంగిపోయిన కోయ కుర్రాడు. ఇప్పుడు పోలీసు జీపులో తిరుగుతున్నాడు. అతను చూపించిన ఇంటి ముందు జీపు ఆగుతుందని చెప్పుకుంటారు.

ఆ క్యాసెట్టులో ఉన్నది పూలి చెల్లెలు లాలి గొంతు. లాలి ఉన్నది అడవిలో.

ఆ సంగతి ఈ ఇంట్లో ముగ్గురికి, బూర్గంపాడు అవతల తండాలో ఉన్న అక్కచెల్లెళ్ల తండ్రి బిచ్యాకు తప్ప మరొకరికి తెలియదు. అడిగిన వాళ్లకల్లా దోర్నకల్‌లో మేనత్త ఇంట్లో ఉందని చెబుతున్నారు. పోలీసులకు లాలి పేరూ తెలియదు, ఊరూ తెలియదు. దళంతో పల్లెపల్లెకూ వచ్చి పాటలు పాడే ఆడపిల్ల ఒకతె ఉందని తెలుసు. ఆ గొంతును ఎవరో చాటుగా టేపులో పట్టి తెచ్చారనీ, ఇన్‌స్పెక్టరు దాన్ని పదే పదే వింటున్నాడనీ కాలనీలో గుసగుస. ఆ ఇన్‌స్పెక్టరే మొన్న క్లబ్బులో ముందు కుర్చీలో కూర్చున్నాడు.

"నీ చెల్లె మా ఇంటిని ముంచేదాక ఊకోదు," అంది మంగ్లి కోడలి వైపు తిరిగి. "పోయిన పిల్ల పోయింది. ఆ గొంతెందుకు నా ఇంట్ల?"

మంగ్లి రుసరుసలాడుతూ పెరట్లోకి వెళ్లిపోయింది.

మొగుడూ పెళ్లాలిద్దరే మిగిలారు. గోడ పక్కన గుడ్డ కప్పి ఉన్న మిషన్లు. ఒకటి రికార్డు తిప్పేది, ఒకటి క్యాసెట్టు డెక్కు, రెండింటి మధ్య మిక్సరు. సికింద్రాబాదులో డాన్సులాడే హోటల్లో పని చేసి, అక్కడి డీజే వదిలేసిన పాత సామాను బాగు చేయించుకుని తెచ్చుకున్నాడు తుల్సీరాం. ఆ రికార్డుల్లోని పాటలను డీప్ హౌస్ అంటారని అతను మొదట చెప్పినప్పుడు, "అంటే లోతు ఇల్లా? అండ్ల ఎవలుంటరు?" అని పూలి పడీపడీ నవ్వింది. ఇప్పుడు ఆ మిషన్ల వంక చూడకుండా ఆమె ముఖం తిప్పుకుంది.

"నాతోని ఒక్క మాట అనకుంట ఎట్ల పెట్టినవ్?" అంది చివరికి.

తుల్సీరాం క్యాసెట్టును చేతిలో తిప్పుతూ నిలబడ్డాడు.

"నేను ఇంటికాడ అంట్లు తోముతున్న. గాలికి కొట్టుకొచ్చింది లాలి గొంతు. నా చెల్లె వచ్చిందనుకున్న. చెంబు ఆడనే పడేసి వాకిట్లకు ఉరికిన. నీ బాక్సులల్ల కెల్లి వస్తున్నదని ఆడ నిలవడ్డంక తెలిసింది."

"నాకు గంత దూరం ఆలోచన రాలె, పూలీ."

"మరి దేని మీద ఉన్నది ఆలోచన?"

"శ్రుతి మీద." ఆ మాట అనడానికే అతను సిగ్గుపడ్డట్టు తల దించుకున్నాడు. "ఆ రికార్డుల ఏ గొంతు పెట్టినా కొట్లాడుతుండె. ఒకటి ఒక దిక్కు, ఇంకొకటి ఇంకో దిక్కు. లాలి గొంతు పెట్టంగనే నీళ్లల్ల నీళ్లు కలిసినట్టు కలిసిపోయింది. అది దొరికినంక నేను ఆగలేకపోయిన."

అది పోయిన ఏడు ఎండాకాలంలో తండాలో పట్టిన టేపు. పెళ్లికూతురు చుట్టాలను కావిలించుకుని ఏడుస్తూ పాడే పాట. ఆ రోజు పెళ్లికూతురు సిగ్గుపడి నోరు విప్పకపోతే, "గిట్ల పాడాలె పిల్లా" అని లాలే పాడి చూపించింది. తాళం లేకుండా సాగే పాట. చివర గొంతు పైకెక్కి విరిగిపోతుంది. అప్పుడు అందరూ నవ్వారు. వానలు పడగానే లాలి వెళ్లిపోయింది.

పూలి మోకాళ్లలో తల పెట్టుకుంది. "దాన్ని పట్టుకుంటే ఏం చేస్తరో నీకు ఎరుకేనా? ముందు మా నాయినను తీస్కపోతరు. తండ మీద పడతరు. తర్వాత ఏదో ఒక దినం పేపర్ల వస్తది, అడివిల కాల్పులు అయినయని."

"ఎరుకే."

"నాకు భయమైతున్నది."

"నాకు గాదా?"

అన్నం పూర్తిగా మాడిపోయింది.

*

ఆదివారం పొద్దున్నే తుల్సీరాం కిటికీ రెక్కలు మూశాడు. మంగ్లిని వాకిట్లో కూర్చోబెట్టి, ఎవరైనా వస్తే గట్టిగా దగ్గమన్నాడు. ఆమె తిట్టుకుంటూనే చీపురు చేతబట్టి వెళ్లింది.

"పాట అదే ఉంటది. గొంతు మారుస్త," అన్నాడు పూలితో. "టేపు మెల్లగ తిరిగితే గొంతు దొడ్డుగైతది. ఎంత దించితే లాలి లాలి గాదో నాకు తెల్వదు. నీకే తెల్వాలె. నువ్వు వినాలె."

పూలి డెక్కు ముందు కూర్చుంది. సౌండు సన్నగా పెట్టాడు. లాలి గొంతు గదిలోకి వచ్చింది. పక్కన కూర్చుని పాడినంత దగ్గరగా ఉంది. పూలి కొంగు నోట్లో కుక్కుకుంది.

తుల్సీరాం డెక్కుకున్న చిన్న గుండీని కొంచెం తిప్పాడు. గొంతు ఒక మెట్టు దిగింది.

"ఇంకా లాలియే."

మళ్లీ తిప్పాడు.

"ఇంకా అదే. జలుబు చేసినప్పుడు గిట్లనే ఉంటది."

మళ్లీ తిప్పాడు. పాట ఈడ్చినట్టు సాగింది. సన్నటి లేత గొంతు పోయి, ఎవరో పెద్దామె గుండెలోంచి తీసినట్టు వచ్చింది.

"ఇప్పుడు?"

పూలి కళ్లు మూసుకుని విన్నది. చిన్నప్పుడు తన చంకనెక్కి తిరిగిన పిల్ల, తన రవికలు తొడుక్కుని తిరిగిన పిల్ల. ఆ పిల్ల కోసం ఆ గొంతులో వెతికింది. దొరకలేదు.

"ఎవరో," అంది. "నాకు తెల్వదు గీమె ఎవరో."

ఆ మాట అంటూనే ఆమెకు దుఃఖం ముంచుకొచ్చింది. చెల్లెల్ని తన చేత్తో తానే బయటికి నెట్టి తలుపు వేసినట్టుంది. తుల్సీరాం ఆమె భుజం మీద చెయ్యి వేసి, వెంటనే తీసేశాడు. ఓదార్చే సమయం లేదు.

గొంతు మారింది, సరే. అసలు చిక్కు అప్పుడే మొదలైంది. మొన్నటి రికార్డు ఎత్తి సూది పెట్టగానే పూలి చెవులు మూసుకుంది. పైనున్న గొంతూ కిందున్న సంగీతమూ తిట్టుకుంటున్నట్టున్నాయి. రికార్డు మిషనుకున్న, వేగం మార్చే జారుడు పట్టీని తుల్సీరాం అడుగుదాకా లాగాడు. అయినా అందలేదు. రికార్డును అంతకంటే దించడానికి వీల్లేదు.

"అస్సలు కుదురుతలే," అని గొణిగాడు. "గొంతు శానా కిందికి పోయింది. ఇంత బేసురుగ ఉంటే అందరు మిషన్ దిక్కే చూస్తరు. సారు లేచి వచ్చి ఏమైందిరా అంటడు."

"వేరే రికార్డు లేదా?"

ఒక్కొక్కటే తీసి వేశాడు. ఒకటి మరీ చురుకు. ఒకదాంట్లో ఎవడో ఇంగ్లీషులో అరుస్తున్నాడు. ఒకటి దగ్గరిదాకా వచ్చి, పాట పైకెక్కే చోట జారిపోయింది. అతని నుదుటి మీద చెమట ధార కట్టింది. వాకిట్లో మంగ్లి దగ్గింది. ఇద్దరూ కొయ్యబారిపోయారు. తుల్సీరాం సౌండు ఆపేశాడు. ఎవరో సైకిలు మీద పోతూ పలకరించి పోయారు, అంతే. కానీ మళ్లీ సూది పెట్టేటప్పుడు అతని చెయ్యి ఒణికి అది రికార్డు మీద గర్రుమంది.

అడుగున ఉన్న రికార్డు అది. మెల్లటి పాట. లోపలెక్కడో బాజా కొట్టినట్టు దడదడ, దాని మీద ఆగి ఆగి మోగే హార్మోనియం లాంటి మోత. పూలి తల ఎత్తింది.

"ఇది ఉండనియ్యి."

"శ్రుతి ఒకటి గాదు, పూలీ."

"ఒకటి గాదు. గని కొట్లాడుతలే. ఒకటే ఇల్లు గాదు, పక్కపక్క ఇండ్లున్నట్టున్నది." ఆమె గొంతు సన్నగా కలిపి పాడింది, లాలి పాట మొదటి మాట దగ్గర ఆగి, ఆ శ్రుతిని పట్టి నిలబెట్టింది. "జర పైకి జరుపు. ఇంకొంచెం. ఆ, ఆగు!"

తుల్సీరాం పట్టీని వేలితో వెంట్రుకవాసి జరిపాడు. రెండూ అతుక్కున్నాయి. మొన్నటిలా తీపిగా లేదు. చీకట్లో నడుస్తున్నట్టుంది, ఎవరో వెంట వస్తున్నట్టుంది. కానీ కలిసింది. అతను ఆ రెండు చోట్లా సుద్దముక్కతో గుర్తులు పెట్టుకున్నాడు.

"నేను గూడ వస్త క్లబ్బుకు," అంది పూలి.

"వద్దు."

"నీ చెయ్యి ఒణుకుతున్నది. పట్టీ జారితే నేను చెప్పాలె."

*

క్లబ్బు హాలు నిండా రంగు కాగితాలు. పిల్లలు కేకు తిని బెలూన్లు పగలగొడుతున్నారు. ఒక్కొక్క చప్పుడికీ పూలి ఉలిక్కిపడుతోంది. బాక్సుల వెనక స్టూలు మీద ఒదిగి కూర్చుని, వరండా వైపు చూసింది.

జంపయ్య అక్కడ ఉన్నాడు. స్తంభానికి ఆనుకుని, ప్లేటులో కేకు ముక్క పెట్టుకుని, తినకుండా నిలబడ్డాడు. ఇంత భయపెట్టిన మనిషి ఇంత చిన్నవాడా అనిపించింది ఆమెకు. మీసం సరిగా రాలేదు. పోలీసులిచ్చిన ప్యాంటు నడుము దగ్గర కుచ్చులు పడి ఉంది. పక్కనే లాల్‌సింగ్. ముందు కుర్చీలో ఇన్‌స్పెక్టరు, కాలు మీద కాలు వేసుకుని.

తుల్సీరాం సినిమా పాటలతో మొదలుపెట్టాడు. పిల్లలు ఎగిరారు. ఆ పాట చివరికి వస్తుండగా, ఒక చెవికి హెడ్‌ఫోన్ ఆనించుకుని, లోపల మెల్లటి రికార్డును తిప్పి చూసుకున్నాడు. దీని దడదడ దాని దడదడతో కలిసేదాకా ఆగాడు. మిక్సరు మీద చెయ్యి నెమ్మదిగా ఇటు నుంచి అటు జరిగింది. ఒక పాట ఎక్కడ అయిపోయిందో, రెండోది ఎక్కడ మొదలైందో ఎవరికీ తెలియలేదు. డాన్సు ఆగలేదు. తర్వాత క్యాసెట్టు డెక్కు మీటను నొక్కాడు.

ఆ ఎవరో పెద్దామె గొంతు హాల్లోకి వచ్చింది.

ఇన్‌స్పెక్టరు కాలు కిందికి దించాడు. ముందుకు వంగి విన్నాడు. తల తిప్పి జంపయ్యను చూశాడు. జంపయ్య ప్లేటు వంక చూస్తున్నాడు. ఏమీ తెలియనట్టే ఉన్నాడు. ఇన్‌స్పెక్టరు నుదురు ముడివేసి వెనక్కి వాలాడు.

పోతోంది, గండం గడిచిపోతోంది అనుకుంది పూలి. పాట పైకెక్కే చోటు కూడా దాటింది. రెండు ఇళ్లూ కొట్లాడుకోలేదు. తుల్సీరాం ఆమె వైపు చూసి, పెదాలు కదలకుండా ఊపిరి వదిలాడు.

అప్పుడే నిర్మలాదేవి లేచి వచ్చింది. ఇన్‌స్పెక్టరు భార్య. మంచి మనిషని కాలనీలో పేరు. వీణ నేర్చుకున్న మనిషి.

"తుల్సీరాం, ఇది పోయినసారి వేసిన పాటేనా?"

"అవ్ మేడమ్. గదే."

"కాదయ్యా. పోయినసారి గొంతు ఎంత లేతగా ఉంది! అది విన్న దగ్గర్నుంచీ నా చెవిలోంచి పోవట్లేదు. ఇది చాలా కింది శ్రుతిలో ఉంది. మగగొంతులా ఉంది."

"మిషన్ వేడెక్కింది మేడమ్. ఎండకు."

"మరి బాగు చెయ్యరాదూ?" ఆమె నవ్వుతూ బల్ల మీదికి వంగింది. "ఇదేనా, స్పీడు తగ్గించేది? సుద్దతో గీత కూడా పెట్టావే!"

"వద్దు మేడమ్, ముట్టకుండ్రి..."

ఆమె వేలు అప్పటికే గుండీ మీద ఉంది. తిప్పింది.

గొంతు లేచింది. ఒక మెట్టు, రెండు మెట్లు. పెద్దామె పోయింది, జలుబు చేసిన పిల్ల వచ్చింది, ఆ వెనకే లాలి వచ్చేస్తోంది. పూలి స్టూలు మీంచి లేచి నిలబడింది.

కింద రికార్డు పాత శ్రుతిలోనే ఉంది. తుల్సీరాం చెయ్యి దాని మీదికి వెళ్లింది. అతని అలవాటు ప్రకారం ఆ క్షణంలో రికార్డును తగ్గించెయ్యాలి. శ్రుతి తప్పిన బేసురును అతను ఒక్క రెప్పపాటు కూడా ఓర్వలేడు. తగ్గిస్తే హాల్లో లాలి గొంతు ఒక్కటే మిగులుతుంది.

తుల్సీరాం రికార్డు సౌండును పైకి నెట్టాడు. పూర్తిగా నెట్టాడు.

హాలంతా గోల అయిపోయింది. రెండు పాటలు ఒకదాన్నొకటి కరుచుకున్నట్టు వికారమైన మోత. పిల్లలు చెవులు మూసుకుని కీచుమన్నారు. పుట్టినరోజు పాప ఏడుపు లంకించుకుంది. "ఏందిరా గది! ఆపు!" అని ఇన్‌స్పెక్టరు అరిచాడు. ఎవరో ఈల వేశారు, ఎవరో పకపకా నవ్వారు. కాలనీ మొత్తంలో శ్రుతికి పేరుపడ్డ మనిషి, మెడ నరాలు ఉబ్బి, ఆ బేసురును రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు. ఆ గోల కింద లాలి పాట మునిగిపోయేదాకా ఆపలేదు.

తర్వాతే రెండు మిషన్లూ ఆపాడు.

"అయ్యో, నేనే పాడుచేశాను," అంది నిర్మలాదేవి, చెయ్యి వెనక్కి తీసుకుని. ఆమె ముఖం ఎర్రబడింది.

ఇన్‌స్పెక్టరు ఆమెను చూడలేదు. తుల్సీరాంను కూడా చూడలేదు. జంపయ్యను చూస్తున్నాడు. జంపయ్య చేతిలో ప్లేటు వాలిపోయి కేకు ముక్క నేల మీద పడి ఉంది.

"ఏందిరా జంపయ్యా, గుర్తొచ్చిందా?"

జంపయ్య నేల మీది కేకును చూశాడు. తల ఎత్తి బాక్సుల వెనక నిలబడ్డ పూలిని చూశాడు. ఆ చూపుతోనే పూలికి తెలిసిపోయింది. అతనికి అంతా అర్థమైంది. ముక్కూ మొహం, అక్కచెల్లెళ్ల పోలిక, అంతా.

"ఆమెనేనా?"

"కాదు సార్."

"మంచిగ విన్నవా?"

"విన్న సార్. ఆమె గొంతు గాదు. సప్పుడుకు బెదిరిన."

ఇన్‌స్పెక్టరు అతన్ని మరికాసేపు అలాగే చూశాడు. తర్వాత కూతుర్ని ఎత్తుకుని కళ్లు తుడిచాడు. "సినిమా పాటలెయ్యవయ్యా," అన్నాడు తుల్సీరాంతో విసుగ్గా.

*

పొద్దు వాలేసరికి జనం పలచబడ్డారు. తుల్సీరాం వైర్లు చుడుతున్నాడు. చుట్టిన వైరు అతని చేతుల్లోంచి మళ్లీ మళ్లీ జారిపోతోంది. పూలి రికార్డులు సంచిలో సర్దుతుంటే, బాక్సు అటు కొసను ఎవరో పట్టుకున్నారు.

జంపయ్య. లాల్‌సింగ్ వరండాలో బీడీ కాలుస్తున్నాడు.

"అక్కా, నా దిక్కు చూడకు," అన్నాడు జంపయ్య వంగి, మెల్లగా. "పని చేసుకుంటనే విను. గొంతు గుర్తువట్టిన."

పూలి చేతులు ఆగలేదు. ఆగకుండా చూసుకుంది.

"కాదని ఎందుకన్నవ్?"

"ఆమె పేరు ఇంతదాక ఎవ్వరికి చెప్పలె. ఆమె, నేను కలిసే బయటికి రావాలనుకున్నం. నాకు భయమై నేను ముందు స్టేషన్‌కు వచ్చిన. ఆమె రానన్నది. పోలీసోళ్ల దగ్గరికి చచ్చినా పోను, మా అక్క ఇంటికి పోత అన్నది." అతను లాల్‌సింగ్ వైపు ఒకసారి చూశాడు. "నిన్న మా ఊరాయన సంతల కనవడ్డడు. ఆమె ఒక్కతే బయల్దేరిందట. వాగు దాటిందట. జ్వరంతోని ఉన్నదట."

"ఎక్కడికి?" అంది పూలి. జవాబు తెలిసే అడిగింది.

"మీ ఇంటికే అక్కా. ఇయ్యాలనో రేపో."

లాల్‌సింగ్ బీడీ పారేసి ఇటు నడిచాడు. జంపయ్య బాక్సు ఎత్తి గోడ పక్కన పెట్టి, ఏమీ జరగనట్టు వెళ్లిపోయాడు.

చెల్లెలు వస్తోంది. పూలి ఆ మాటను లోపల ఇంకోసారి అనుకుంది. ఏడాదిగా ఆ మాట కోసమే మొక్కింది. ఇప్పుడు ఆ మాట వింటేనే పారిపోవాలనిపిస్తోంది. మొగుడి చెవిలో వెయ్యాలి. ఇంటికి ఉరకాలి. తండ్రికి కబురు పంపాలి. ఏది ముందో తెలియలేదు.

"ట్రాలీ రిక్షా జల్దీ పిలువు," అంది తుల్సీరాంతో. "పోదాం. ఇప్పుడే పోదాం."

"ఏమైంది?"

"చెప్త. నడు."

"ట్రాలీ ఎందుకమ్మా?" నిర్మలాదేవి మెట్లు దిగి వస్తోంది, చేతిలో మిఠాయి పొట్లంతో. "నా వల్ల మీ ప్రోగ్రాం పాడైంది. నాకు మనసేం బాగాలేదు. లాల్‌సింగ్! వీళ్ల సామాను మన జీపులో వేసి ఇంటి దగ్గర దింపిరా. ఇంటి లోపలిదాకా చేర్చు, బయట పెట్టి రాకు. పాపం, బరువులు."

"వద్దు మేడమ్," అన్నారు మొగుడూ పెళ్లాలు ఒక్కసారే.

"మొహమాటపడకండి," అందామె నవ్వుతూ.

బాక్సులు జీపెక్కాయి. పూలి వెనక సీట్లో, మిషన్ల మధ్య, సంచిని పొట్టకు అదుముకుని కూర్చుంది. తుల్సీరాం ఎదుట కూర్చున్నాడు. లాల్‌సింగ్ ముందు సీట్లోంచి వెనక్కి తిరిగి, ఊళ్లో కబుర్లు చెబుతూనే ఉన్నాడు. ఇద్దరి మధ్యా మాట కదిలే వీలు లేదు. పూలి కళ్లతో ఏదో చెప్పబోయింది. తుల్సీరాంకు అర్థం కాలేదు. గండం గడిచిందన్న అలసటతో అతను తల వాల్చేశాడు.

రాకపోతే బాగుండు, అనుకుంది పూలి. రేపు వస్తే బాగుండు. అనుకున్న మరుక్షణమే, వాగు దాటి జ్వరంతో నడిచొచ్చే పిల్లను ఇంకో రాత్రి అడవిలో ఉంచమని మొక్కుతున్నానా అని తనను తాను తిట్టుకుంది.

జీపు వాళ్ల వీధిలోకి తిరిగింది.

మంగ్లి గడప మీద కూర్చుని ఉంది. జీపును చూసినా లేవలేదు. రెండు కాళ్లూ చాపి, తలుపును వీపుతో అదుముకుని కూర్చుంది. ఆమె తలకు పైన, తలుపు రెండు పక్కలా, పచ్చి వేపమండలు గుచ్చి ఉన్నాయి. వాళ్లు క్లబ్బుకు వెళ్లేటప్పుడు అవి లేవు.

"యాడీ, ఏందిది?" అన్నాడు తుల్సీరాం దిగుతూ.

"లోపలికి రాకుండ్రి బిడ్డా!" మంగ్లి గొంతు వీధంతా వినిపించింది. "ఇంట్ల అమ్మోరు పోసింది. ఎవలు లోపలికి రావద్దు. సామాను ఆడనే దించుండ్రి."

తుల్సీరాం నోరు తెరిచాడు. పూలి అతని చెయ్యి గట్టిగా నొక్కింది. ఆ ఇంట్లో ఉండేది ముగ్గురు. ఇద్దరు జీపు దిగి నిలబడ్డారు. మూడో మనిషి గడప మీద ఉంది.

ఎవరికి పోసింది అమ్మోరు?

పూలి అత్త కళ్లలోకి చూసింది. చెల్లెల్ని తిట్టిపోసిన ఆ ముసలిదాని కళ్లు ఇప్పుడు నీళ్లతో నిండి, కదలకుండా, కోడలినే చూస్తున్నాయి. లోపల ఎక్కడో, తలుపు అవతల, ఎవరో దగ్గు ఆపుకున్నారు.

పక్కింటి వాళ్లు నాలుగడుగులు వెనక్కి జరిగారు. డ్రైవరు జీపు దిగనేలేదు.

లాల్‌సింగ్ మాత్రం నవ్వాడు. పెద్ద బాక్సును భుజాన ఎత్తుకున్నాడు.

"నాకు చిన్నప్పుడే పోసింది యాడీ, మళ్ల రాదు. జర పక్కకు జరుగు, లోపల పెట్టిపోత. మేడమ్ చెప్పింది," అంటూ గడప మీద కాలు పెట్టాడు.